నాన్‌కోడింగ్ డీఎన్ఏ ముక్కకు పని ఉందో లేదో తేల్చడం ఎలా?

మనిషి జీనోమ్‌లో సుమారు 310 కోట్ల బేసులు (డీఎన్ఏ అక్షరాలు) ఉన్నాయి. ప్రొటీన్లకు కోడ్ ఇచ్చే భాగం అందులో ఒకటిన్నర శాతం లోపే. మిగతా నాన్‌కోడింగ్ భాగం గురించి రెండు మాటలు బాగా ప్రచారంలో ఉన్నాయి: "అదంతా చెత్త" అని ఒకటి, "చెత్త అనేదే లేదు, ప్రతి అక్షరానికీ పని ఉంది" అని ఇంకొకటి. ఒక ఫలానా ముక్కను ముందు పెట్టుకుని తేల్చాల్సిన వాళ్లకు ఈ రెండూ పనికిరావు. జబ్బుతో ముడిపడిన మార్పు ఇంట్రాన్‌లో (జీన్ లోపల ఉండి, ఆర్ఎన్ఏ నుంచి కోసేసే భాగంలో) దొరికిన పరిశోధక విద్యార్థులకు, ఎక్సోమ్ పరీక్షలో (ప్రధానంగా ప్రొటీన్ కోడ్ భాగాలనే చదివే పరీక్షలో) ఏమీ తేలని కేసును మళ్లీ చూస్తున్న జెనెటిక్స్ డాక్టర్లకు అక్కరకొచ్చే పద్ధతి కింద ఇస్తున్నాం. మొదటి సగానికి ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ చాలు. రెండో సగానికి సెల్ కల్చర్ లాబ్ కావాలి.

ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"పని" అంటే ఏమిటో ముందే తేల్చుకోకపోతే చివరికి ఏ ఫలితం వచ్చినా మనకు నచ్చినట్టు చదువుకుంటాం. 2012లో జీనోమ్‌లో ఏ భాగం ఏం చేస్తోందో పట్టిక రాసే ఎంకోడ్ ప్రాజెక్టు జీనోమ్‌లో 80.4 శాతానికి పని ఉందని ప్రకటించింది. ఏదో ఒక సెల్‌లో ఆర్ఎన్ఏగా కాపీ అయినా, ఏదైనా ప్రొటీన్ వచ్చి అంటుకున్నా, క్రోమాటిన్ (ప్రొటీన్ల చుట్టూ చుట్టిన డీఎన్ఏ) మీద రసాయన గుర్తు కనిపించినా పని కిందే లెక్క వేస్తే వచ్చిన అంకె అది. సహజ ఎంపిక కాపాడుతున్న భాగం ఎంత అని అడిగితే అంకె ఒక్కసారిగా పడిపోతుంది: 2014లో ఆక్స్‌ఫర్డ్ బృందం 8.2 శాతం అంది, 2023లో 240 క్షీరద జాతులను పోల్చిన జూనోమియా ప్రాజెక్టు కనీసం 10.7 శాతం అంది. ఈ అంకెలు ఒకదానికొకటి పోటీ కావు, అవి వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. డాన్ గ్రౌర్, ఫోర్డ్ డూలిటిల్ వంటి పరిణామ శాస్త్రవేత్తలు 2013లో ఎంకోడ్‌ను తప్పుపట్టింది సరిగ్గా ఇక్కడే: ఒక చోట ఏదో జరుగుతోందని చూపడం ఒక ఎత్తు, అది జరగకపోతే జీవికి నష్టమని చూపడం ఇంకో ఎత్తు.

కాబట్టి నోట్‌బుక్‌లో ఇలా రాసుకోండి: "ఈ ముక్క, ఈ రకం సెల్‌లో, ఈ దశలో, ఈ జీన్ మోతాదును మారుస్తుంది, అది లేకపోతే శరీరంలో ఇది చెడుతుంది." ఖాళీలన్నీ నింపలేకపోయినా ఫరవాలేదు. ఏ ఖాళీ మిగిలిందో తెలియడం ముఖ్యం. పని లేదన్నదే మొదటి అంచనాగా పెట్టుకోండి. ఉందని చూపే భారం మన మీదే ఉండాలి. యాదృచ్ఛికంగా ఎంచుకున్న ముక్క ఎన్‌హాన్సరో (దూరం నుంచి జీన్ జోరు పెంచే ముక్క) ప్రమోటరో (జీన్ కాపీ మొదలయ్యే చోటు) అయ్యే అవకాశం తక్కువ గనక ఇదే న్యాయమైన ప్రారంభం.

అడ్రస్ సరిచూసుకోండి

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. జీనోమ్ వెర్షన్ మారితే అంకెలు మారిపోతాయి. టెర్ట్ జీన్ ప్రమోటర్‌లో చాలా క్యాన్సర్లలో కనిపించే రెండు మార్పులను సీ228టీ, సీ250టీ అంటారు. ఆ పేర్లు హెచ్‌జీ19 వెర్షన్‌లో క్రోమోజోమ్ 5 మీద 1,295,228, 1,295,250 స్థానాల చివరి మూడు అంకెల నుంచి వచ్చాయి. హెచ్‌జీ38లో అవే బేసులు 1,295,113, 1,295,135 దగ్గర ఉంటాయి. పాత పేపర్‌లోని అంకెను కొత్త వెర్షన్‌లో కొడితే 115 బేసులు పక్కకు పోతాం, ఏ హెచ్చరికా రాదు. యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్‌లోని లిఫ్ట్‌ఓవర్‌తో మార్చుకోండి. మార్చాక చుట్టూ 20 బేసుల అక్షరాలను పేపర్‌లోని సీక్వెన్స్‌తో కళ్లతో పోల్చి చూడండి.

ఇంకో రెండు చిక్కులున్నాయి. బెడ్ ఫైళ్లు (జీనోమ్ స్థానాల పట్టికలు) ప్రారంభ స్థానాన్ని సున్నా నుంచి లెక్కిస్తాయి, బ్రౌజర్ పెట్టెలో ఒకటి నుంచి లెక్క. ఒక్క బేసు తేడాతో తప్పు అక్షరాన్ని పరీక్షించిన వాళ్లున్నారు. డీఎన్ఏ రెండు పోగుల్లో మైనస్ స్ట్రాండ్ మీద ఉన్న జీన్లకు అక్షరం దాని జత అక్షరంగా కనిపిస్తుంది. బీటా గ్లోబిన్ జీన్ అలాంటిదే: జీన్ లెక్కలో జి స్థానంలో సి వస్తే, బ్రౌజర్‌లో అది సి స్థానంలో జి అయి కనిపిస్తుంది.

బ్రౌజర్‌లో చూడాల్సినవి

మీ ముక్కను తెరిచే ముందు, పని నిశ్చయంగా ఉన్న ఒక ముక్క ఎలా కనిపిస్తుందో చూసి కన్ను అలవాటు చేసుకోండి. దీనికి జెడ్‌ఆర్‌ఎస్ అనే ఎన్‌హాన్సర్‌ను మించిన ఉదాహరణ లేదు. హెచ్‌జీ38 ఎంచుకుని ఎల్‌ఎంబీఆర్1 జీన్‌కు వెళ్లి, దాని ఐదో ఇంట్రాన్ మీద జూమ్ చేయండి. వెర్టిబ్రేట్ కన్జర్వేషన్ (వెన్నెముక జీవుల మధ్య అక్షరాలు ఎంత మారకుండా ఉన్నాయో చూపే) ట్రాక్‌ను "ఫుల్"లో పెట్టండి. చదునుగా ఉన్న ఇంట్రాన్ మధ్యలో సుమారు 800 బేసుల మేర పైలోపీ (కన్జర్వేషన్ స్కోరు) గీతలు గుంపుగా పైకి లేస్తాయి. కింద అలైన్‌మెంట్‌లో ఎలుక, కోడి, చేప వరుసలు నిండుగా ఉంటాయి. చేపతో మన దారులు విడిపోయి 40 కోట్ల ఏళ్లు దాటినా ఆ అక్షరాలు చెక్కుచెదరలేదంటే, అక్కడ మార్పు వచ్చిన జీవులు నిలవలేదని అర్థం.

ఈ ముక్క ఉన్నది ఎల్‌ఎంబీఆర్1 లోపలే గానీ, అది నడిపేది దాదాపు పది లక్షల బేసుల దూరంలోని సోనిక్ హెడ్జ్‌హాగ్ జీన్‌ను, అదీ పిండంలో చేతులు, కాళ్లు మొలిచే చోట. ఇందులో కొన్ని చోట్ల ఒక్క అక్షరం మారితే బొటనవేలి వైపు అదనపు వేళ్లతో పిల్లలు పుడతారు. ఎలుకల్లో మొత్తం తీసేస్తే కాళ్లు మొండిగా ఆగిపోతాయి. 2016లో ఎలుక జెడ్‌ఆర్‌ఎస్ తీసి పాము జెడ్‌ఆర్‌ఎస్ పెడితే అదే జరిగింది. పాముల్లో రాలిపోయిన 17 బేసులను తిరిగి చేర్చి పెడితే ఎలుకకు కాళ్లు మళ్లీ వచ్చాయి. సమీపంలోని జీనే లక్ష్యమని రాసేయకూడదనడానికి ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు. ఊబకాయంతో ముడిపడిన ఎఫ్‌టీవో ఇంట్రాన్ మార్పుల కథా ఇదే: 2007 నుంచి అందరూ ఎఫ్‌టీవో జీన్ వెంట పడ్డారు, 2014, 2015 పరిశోధనలు దూరంగా ఉన్న ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 జీన్ల వైపు చూపాయి.

ఇప్పుడు మీ ముక్క తెరిచి ఈ వరుసలో చూడండి. మొదట పదే పదే వచ్చే సీక్వెన్స్‌లను చూపే రిపీట్‌మాస్కర్ ట్రాక్. జీనోమ్‌లో సగానికి దగ్గరగా ఉన్నది ట్రాన్స్‌పోజాన్ల (జీనోమ్‌లో చోటు మారే ముక్కల) శేషమే. 300 బేసుల ఆలూ ఒక్కటే పది లక్షలకు పైగా కాపీలుంది. మీ ముక్క ఆలూ అయితే పని లేదని కొట్టిపారేయొద్దు, కానీ రుజువు బరువు పెంచండి. తర్వాత కన్జర్వేషన్. పైలోపీ స్కోరు 2 అంటే పి విలువ 0.01 అని; జూనోమియా క్షీరదాల ట్రాక్‌లో 2.27 దాటితే ఆ బేసు కాపాడబడినట్టు తీసుకుంటారు. ఒక్క బేసు స్కోరు చూసి తీర్పు చెప్పకండి, గుంపు చూడండి. గుంపు దొరికితే అది ఇంకా పేరు పెట్టని ఎక్సాన్ (కోసేశాక ఆర్ఎన్ఏలో మిగిలే జీన్ భాగం) ఏమో సరిచూడండి: మూడో అక్షరం మాత్రమే వదులుగా మారుతూ, మూడు మూడు లెక్కన నడిస్తే అది ప్రొటీన్ కోడే.

కన్జర్వేషన్ లేకపోతే పని లేనట్టేనా? కాదు. కొత్తగా పుట్టిన ఎన్‌హాన్సర్లు పక్క జాతుల్లో ఉండవు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే శక్తినిచ్చే మార్పు ఎంసీఎం6 ఇంట్రాన్ 13లో, లాక్టేజ్ జీన్‌కు సుమారు 14 వేల బేసుల దూరంలో ఉంది. మనుషుల్లో కొన్ని వేల ఏళ్ల కిందటే వ్యాపించింది. యూరప్‌లో దొరికే ఆ మార్పే భారత్‌లోనూ ఉంది: వాయవ్యంలో ఎక్కువ, దక్షిణాన, తూర్పున తక్కువ. అలాంటివి జాతుల పోలికలో దొరకవు, జనాభా డేటాలోనే దొరుకుతాయి.

ఆ డేటా కోసం మనుషుల డీఎన్ఏ మార్పులను చేర్చిన నోమాడ్ (gnomAD) డేటాబేస్ తెరవండి. మీ మార్పు ఎంత మందిలో ఉందో, దక్షిణాసియా వర్గంలో ఎంతుందో విడిగా రాసుకోండి. భారతీయుల కోసం 1,029 జీనోమ్‌లతో ఇండిజీనోమ్స్ ఉంది, అక్కడా వెతకండి. యూరప్ వాళ్లలో అరుదని జబ్బు మార్పుగా రాసి, తీరా అది మన వాళ్లలో మామూలేనని తేలిన సందర్భాలు ఈ రంగంలో కొత్త కాదు. అన్నిటికంటే బరువైన ఆధారం స్ట్రక్చరల్ వేరియంట్ (పెద్ద ముక్కలు పోవడం, చేరడం వంటి మార్పుల) పట్టికలో ఉంటుంది: మీ ముక్క రెండు కాపీలూ లేని మామూలు మనుషులు కనిపిస్తే, అది జీవించడానికి తప్పనిసరి కాదని తేలినట్టే. మనుషుల్లో మార్పులు ఎంత తక్కువగా నిలిచాయో వెయ్యి బేసుల ముక్కలుగా లెక్కించే కన్‌స్ట్రెయింట్ స్కోర్లను చిన్న ఎన్‌హాన్సర్‌కు అన్వయించేటప్పుడు జాగ్రత్త. 50 బేసుల కీలక భాగం 950 బేసుల మామూలు భాగంలో కలిసిపోతుంది.

రసాయన గుర్తులను ఎంత నమ్మాలి

ఓపెన్ క్రోమాటిన్ (ప్రొటీన్లకు అందేలా తెరుచుకున్న డీఎన్ఏ), చురుకైన ఎన్‌హాన్సర్లు, ప్రమోటర్ల దగ్గర కనిపించే హెచ్3కే27 ఎసిటైలేషన్ గుర్తులు, ఎంకోడ్ సీసీఆర్‌ఈ (క్యాండిడేట్ సిస్-రెగ్యులేటరీ ఎలిమెంట్, అంటే జీన్లను నడిపే ముక్క కావచ్చన్నది) పట్టిక. ఈ మూడూ చూడండి, కానీ మీ జబ్బుకు సంబంధించిన సెల్‌లోనే చూడండి. 2020 నాటి ఎంకోడ్ పట్టికలో 9,26,535 సీసీఆర్‌ఈలున్నాయి, అవి జీనోమ్‌లో 7.9 శాతం. పేరులోనే "క్యాండిడేట్" అని ఉంది. పట్టికలో చేరడం పరీక్షకు అర్హత మాత్రమే, పాసైనట్టు కాదు.

ఎందుకంటే సెల్‌లోని యంత్రాంగం అర్థం లేని సీక్వెన్స్‌నూ తాకుతుంది. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు (డీఎన్ఏకు అంటుకుని జీన్లను నడిపే ప్రొటీన్లు) గుర్తుపట్టేది ఆరు నుంచి పది అక్షరాలనే, అలాంటివి వందల కోట్ల బేసుల్లో యాదృచ్ఛికంగా వేల నుంచి లక్షల చోట్ల తగులుతాయి. దీన్ని చక్కగా చూపిన ప్రయోగం 2024లో వచ్చింది. మనిషి హెచ్‌పీఆర్‌టీ1 జీన్ ప్రాంతంలోని దాదాపు లక్ష బేసులను వెనక నుంచి ముందుకు రాసి, అంటే ఏ పరిణామ చరిత్రా లేని సీక్వెన్స్‌గా మార్చి, ఈస్ట్‌లోనూ ఎలుక మూలకణాల్లోనూ పెట్టారు. ఈస్ట్‌లో అది జోరుగా ఆర్ఎన్ఏగా కాపీ అయింది, ఎలుక కణాల్లో దాదాపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. ఆర్ఎన్ఏ వస్తోందన్నంత మాత్రాన పని ఉందని రాయకూడదు. ఆ ఆర్ఎన్ఏ సెల్‌కు ఎన్ని కాపీలుందో, స్ప్లైస్ అవుతుందో (ఇంట్రాన్లు కోసేసి మిగతాది అతుకుతుందో), ఇతర జాతుల్లో అదే చోట వస్తుందో అడగండి. పది సెల్స్‌కు ఒక కాపీ ఉన్న ఆర్ఎన్ఏకూ, ఆడవారి కణాల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్‌ను మొత్తం కప్పి మూయించే ఎక్సిస్ట్‌కూ పోలికే లేదు.

రిపోర్టర్ పరీక్ష

ముక్కను 300 నుంచి 1,500 బేసుల మధ్య తీసుకుని, మినిమల్ ప్రమోటర్ (తనంతట తాను అంతగా పని చేయని చిన్న ప్రమోటర్), వెలుగునిచ్చే లూసిఫరేజ్ జీన్ ఉన్న ప్లాస్మిడ్‌లో (గుండ్రటి డీఎన్ఏలో), ఉదాహరణకు పీజీఎల్4.23లో క్లోన్ చేయండి. రెండు దిశల్లోనూ చేయండి. నిజమైన ఎన్‌హాన్సర్ సాధారణంగా రెండు దిశల్లోనూ పని చేస్తుంది, ఒకే దిశలో చేస్తే ప్రమోటరేమో అనుమానించండి. 24 వెల్ ప్లేట్‌లో వెల్‌కు సుమారు 500 నానోగ్రాముల ప్లాస్మిడ్, కొలతకు ఆధారంగా 10 నుంచి 25 నానోగ్రాముల రెనిల్లా (ఇంకో వెలుగు జీన్) ప్లాస్మిడ్ వేసి, 24 నుంచి 48 గంటల మధ్య చదవండి. రెనిల్లా ఎక్కువైతే ప్రమోటర్ల మధ్య పోటీ మొదలై అంకెలు వంకరపోతాయి. ఇన్సర్ట్‌ల పొడవు వేరైతే నానోగ్రాములు సమానం చేస్తే చాలదు, మోల్స్ సమానం చేసి మిగతాది ఖాళీ ప్లాస్మిడ్‌తో నింపండి. వేరు వేరు రోజుల్లో కనీసం మూడు సార్లు చేయాలి. ఒకే రోజు మూడు వెల్స్ పెట్టినంత మాత్రాన మూడు ప్రయోగాలవవు.

కంట్రోల్ దగ్గరే ఈ పరీక్ష నిలబడుతుంది, పడిపోతుంది. ఖాళీ వెక్టర్ ఒక్కటే పెడితే ఏ డీఎన్ఏ పెట్టినా రెండింతలు రావచ్చు. అదే పొడవు, అదే జీసీ (జి, సి అక్షరాల) శాతం ఉన్న, క్రోమాటిన్ గుర్తులేమీ లేని జీనోమ్ ముక్కలు కనీసం పది క్లోన్ చేయండి. మీ ముక్క వాటన్నిటినీ దాటాలి. మీ ముక్కలో కీలకమనుకున్న బైండింగ్ సైట్‌ను చెడగొట్టిన రూపం కూడా పెట్టండి, అప్పుడు ఫలితం పడిపోవాలి. కొన్ని సెల్ లైన్లలో బయటి ప్లాస్మిడ్ వెళ్లగానే వైరస్‌లను ఎదుర్కొనే ఇంటర్‌ఫెరాన్ స్పందన మొదలై, దానికి స్పందించే సీక్వెన్స్‌లన్నీ ఎన్‌హాన్సర్లలా వెలుగుతాయని 2018లో తేలింది. మీ ముక్కలో ఐఆర్‌ఎఫ్, స్టాట్ (ఆ స్పందనలోని ప్రొటీన్లు) అంటుకునే సైట్లుంటే ముందే అనుమానించండి.

ఇంత చేసినా తేలేది ఒక్కటే: ఈ సీక్వెన్స్‌కు ఆ శక్తి ఉంది. తన సొంత చోట, క్రోమాటిన్ మధ్య ఆ శక్తిని వాడుతోందా అన్నది ఇంకా తేలలేదు.

సొంత చోటే తీసి చూడడం

మొదట క్రిస్పర్‌ఐ చేయండి: డీఎన్ఏను కోయలేకుండా చేసిన క్యాస్9కు (డీక్యాస్9) జీన్లను అణచే కేరాబ్ జోడించి ముక్క మీదికి పంపితే డీఎన్ఏ తెగకుండా అక్కడి క్రోమాటిన్ మూతపడుతుంది. దాన్ని సరైన చోటికి నడిపే గైడ్ ఆర్ఎన్ఏలు వేరు వేరువి మూడు నాలుగు పెట్టి అన్నీ ఒకే వైపు చూపుతున్నాయా చూడండి. ప్రమోటర్‌కు కిలోబేసు (వెయ్యి బేసుల) దూరంలోపు ఉన్న ముక్కకు ఈ పద్ధతి వద్దు, అణచివేత పక్కకు పాకి జీన్‌నే మూసేస్తుంది.

తర్వాత రెండు వైపులా గైడ్లు పెట్టి ముక్కను తీసేయండి. ఇక్కడ జరిగే తప్పులు ఖరీదైనవి. లాబ్‌లలో ఎక్కువగా వాడే కే562 కణాల్లో క్రోమోజోమ్‌లు దాదాపు మూడేసి ఉంటాయి, రెండు కాపీలు పోయాయని సంబరపడితే మూడోది పని చేస్తూనే ఉంటుంది. క్యాస్9 అప్పుడప్పుడు అనుకున్న దానికంటే కిలోబేసుల మేర ఎక్కువ తీసేస్తుంది. అప్పుడు పీసీఆర్ ప్రైమర్ అతుక్కునే చోటే పోయి, ఆ కాపీ కంటికి కనపడక, క్లోన్ శుభ్రమైన హోమోజైగస్ (అన్ని కాపీల్లోనూ జరిగిన) డిలీషన్‌లా కనిపిస్తుంది. అందుకే బయటి జత ప్రైమర్లతో పాటు లోపలి ప్రైమర్ కూడా వాడండి, పక్క ప్రాంతాల కాపీల సంఖ్యను క్యూపీసీఆర్‌తో లెక్కించండి, ముక్క తిరగబడి అక్కడే ఉండిపోయిందేమో చూడండి. ఒకే కణం నుంచి పెరిగిన క్లోన్ల మధ్య జీన్ మోతాదు మామూలుగానే రెండింతల తేడా ఉండొచ్చు. కనీసం మూడు స్వతంత్ర డిలీషన్ క్లోన్లు, అన్నే కంట్రోల్ క్లోన్లు లేకుండా ఏమీ రాయకండి. వీలైతే ఒక్క కాపీలోనే తీసి, లక్ష్య జీన్‌లోని హెటరోజైగస్ (రెండు కాపీల్లో వేరుగా ఉన్న) అక్షరం ఆధారంగా రెండు కాపీల ఆర్ఎన్ఏను ఒకే కణంలో పోల్చండి. ఇంతకంటే నమ్మకమైన కంట్రోల్ లేదు.

తీసేసినా ఏమీ కాకపోతే తొందరపడొద్దు. మనిషి, ఎలుక, చిట్టెలుకల్లో 200 బేసులకు పైగా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్న 481 ముక్కలను 2004లో గుర్తించారు. వాటిలో నాలుగింటిని విడివిడిగా తీసేసిన ఎలుకలు బతికి పిల్లల్ని కూడా కన్నాయని 2007లో తేలింది, చాలామంది నివ్వెరపోయారు. 2018లో ఏఆర్‌ఎక్స్ జీన్ దగ్గరున్న అలాంటి ముక్కలను తీసి మెదడును దగ్గరగా పరిశీలిస్తే లోపాలు బయటపడ్డాయి. బోనులో బతకడం చాలా తేలికైన పరీక్ష. ఒక ఎన్‌హాన్సర్ పోతే జంటగా ఉన్న మరొకటి ఆదుకోవడం కూడా మామూలే, కాబట్టి రెండూ కలిపి తీసి చూడాలి. మరోవైపు 2004లో ఎలుకల్లో జీన్లు లేని రెండు ప్రాంతాలను, మొత్తం 23 లక్షల బేసులను తీసేసినా చెప్పుకోదగ్గ నష్టం కనపడలేదు. అదీ గుర్తుంచుకోవాలి.

రోగి రిపోర్ట్ దగ్గరికి వస్తే

మన దేశంలో బీటా తలసేమియాకు అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యే మ్యుటేషన్ నాన్‌కోడింగ్ భాగంలోనే ఉంది: బీటా గ్లోబిన్ మొదటి ఇంట్రాన్‌లో ఐదో స్థానం. ఆ ఇంట్రాన్ జీటీటీజీజీటీ అని మొదలవుతుంది. ఐదో అక్షరం జి పోయి సి వస్తే స్ప్లైసింగ్ యంత్రాంగం ఆ హద్దును సరిగా గుర్తుపట్టక, దగ్గర్లోని దొంగ హద్దుల దగ్గర కోస్తుంది. సరైన ఆర్ఎన్ఏ బాగా తగ్గిపోతుంది. ఇంట్రాన్‌లో ఉంది కదా అని వదిలేస్తే ఒక కుటుంబానికి తప్పుడు భరోసా ఇచ్చినట్టే.

కాబట్టి ఇంట్రాన్ మార్పు కనపడగానే, స్ప్లైసింగ్ చెడుతుందా అని 0 నుంచి 1 మధ్య అంచనా వేసే స్ప్లైస్‌ఏఐ ప్రోగ్రామ్ నడపండి. 0.2 దాటితే గమనించాలి, 0.5 దాటితే గట్టిగా అనుమానించాలి, 0.8 దాటితే దాదాపు ఖాయం. ఎంత స్కోరు వచ్చినా ఆర్ఎన్ఏ చూసి నిర్ధారించండి. జీన్ రక్తంలో పని చేస్తే రక్తం నుంచి ఆర్‌టీ పీసీఆర్, లేకపోతే మినీజీన్ (ఆ భాగాన్ని ప్లాస్మిడ్‌లో పెట్టి కణాల్లో స్ప్లైసింగ్ చూడడం). ఎక్సోమ్ రిపోర్ట్‌లో "ఏమీ దొరకలేదు" అని ఉంటే ఏ భాగాలు చదివారో అడగండి. ప్రొటీన్ ఇవ్వని ఆర్‌ఎన్‌యూ4-2 అనే చిన్న ఆర్ఎన్ఏ జీన్‌లో ఒక్క అక్షరం అదనంగా చేరడం వల్ల మెదడు ఎదుగుదల లోపాలు వస్తాయని 2024లో బయటపడింది. అలాంటి లోపాలున్న కేసుల్లో దాదాపు 0.4 శాతానికి ఆ జీన్‌లోని మార్పులే కారణం. మామూలు ఎక్సోమ్ కిట్లు దాన్ని చదవకపోవడం వల్లే ఇన్నేళ్లు కనపడలేదు.

చికిత్స వైపు చూస్తే, 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన సికిల్ సెల్ జబ్బు చికిత్స క్యాస్‌జెవీ కోసేది బీసీఎల్11ఏ జీన్ రెండో ఇంట్రాన్‌లోని ఎన్‌హాన్సర్‌ను. ఎర్ర రక్త కణాల వంశంలో మాత్రమే ఆ జీన్ తగ్గి, పుట్టాక తగ్గిపోయిన ఫీటల్ హిమోగ్లోబిన్ (పిండంలో ఉండే రకం) మళ్లీ వస్తుంది. ప్రొటీన్ కోడ్‌నే చెడగొడితే ఆ జీన్ అవసరమున్న ఇతర కణాలూ దెబ్బతినేవి. ఎన్‌హాన్సర్లు కణాన్ని బట్టి పని చేయడమే ఇక్కడ అక్కరకొచ్చింది.

మొత్తం జీనోమ్ గురించి మాట్లాడేటప్పుడు

కొన్ని ముక్కలకు పని దొరికింది గనక అన్నిటికీ ఉంటుందని అనకండి. ఎవరైనా అంటే ఉల్లిపాయ సంగతి అడగండి: దాని జీనోమ్ సుమారు 1,600 కోట్ల బేసులు, మనకు ఐదింతలు, ప్రతి అక్షరానికీ పని ఉంటే ఉల్లికి అన్ని ఎందుకు? ఈ "ఉల్లిపాయ పరీక్ష"ను ప్రతిపాదించింది జీవశాస్త్రవేత్త టి. రయన్ గ్రెగరీ. ఇంకో కొసన యుట్రిక్యులేరియా గిబ్బా అనే కీటకాహార మొక్క సుమారు 8.2 కోట్ల బేసుల్లోనే 28 వేలకు పైగా జీన్లతో పూర్తి మొక్కగా బతుకుతోంది. మ్యుటేషన్ల లెక్కా అదే చెబుతుంది. ప్రతి బిడ్డకూ 60 నుంచి 70 కొత్త మ్యుటేషన్లు వస్తాయి. జీనోమ్‌లో 80 శాతం అక్షరాలు ముఖ్యమైతే ప్రతి తరంలోనూ హాని పేరుకుపోయి జాతి నిలవదు.

వాడుకోవడాన్నీ పని ఉండడాన్నీ కూడా కలిపేయకండి. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ డీఎన్ఏ వేలిముద్రల కోసం వాడిన బీకేఎమ్ ప్రోబ్ కట్లపాము జాతి నుంచి వచ్చిన గాటా రిపీట్‌ల (జీఏటీఏ అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే భాగాల) మీద ఆధారపడింది. రిపీట్‌ల పొడవు మనిషికీ మనిషికీ మారుతుంది గనకే అవి గుర్తింపుకు పనికొస్తాయి. అంతమాత్రాన అవి శరీరంలో ఏదో చేస్తున్నాయని కాదు. ఆ తర్వాత 2013లో అదే సంస్థ నుంచి రాకేశ్ మిశ్రా బృందం గాటా రిపీట్‌లు ఎన్‌హాన్సర్ ప్రభావాన్ని అడ్డుకునే హద్దుల్లా పని చేయగలవని వేరే ప్రయోగాలతో చూపించింది. ఆ మాట చెప్పడానికి ఆ ప్రయోగాలు అవసరమయ్యాయి.

మీ ఫలితం రాసేటప్పుడు ఆధారం ఎంతవరకు వెళ్లిందో అంతవరకే క్రియాపదం వాడండి. గుర్తులు మాత్రమే ఉంటే "ఎన్‌హాన్సర్ కావచ్చు", రిపోర్టర్ పాసైతే "ఈ సెల్‌లో ఎన్‌హాన్సర్ శక్తి చూపింది", సొంత చోట తీసి చూస్తే "ఈ సెల్‌లో ఈ జీన్‌కు ఇంత శాతం అవసరం", జీవిలో లోపం కనపడ్డాకే "పని ఉంది". తీసేసినా ఏమీ కాకపోతే ఏ కణంలో, ఏ వయసులో, ఏ కొలతతో చూశారో పక్కనే రాయండి. కంట్రోల్ ముక్కల అడ్రస్‌లు, జీనోమ్ వెర్షన్, గైడ్ సీక్వెన్స్‌లు పట్టికలో ఇవ్వండి. ఇంకో లాబ్ మీ ప్రయోగాన్ని మళ్లీ చేయాలంటే మొదట వెతికేది వాటినే.